నాబ్ హిల్ మీద అరగంటకో వాన

మా నాయనకు పొద్దున లేస్తూనే ఆకాశం చూసే అలవాటు. పత్తికొండ వైపు మెట్టపొలం ఉన్న ప్రతివాడికీ ఉండే అలవాటే. బడిపంతులుగా రిటైరై పద్నాలుగేళ్ళయింది, పొలం నా తమ్ముడి చేతికి పోయింది, అయినా అలవాటు పోలేదు. జూన్‌లో అమ్మతో కలిసి ఫ్రీమాంట్‌లో మా ఇంటికి వచ్చాక కూడా బాల్కనీలో కుర్చీ వేసుకుని, కాఫీ చల్లారిపోయేదాకా మబ్బు కోసం వెతికేవాడు. ఈ వైపు మే నుంచి అక్టోబరు దాకా వాన దాదాపు పడదు, ఇక్కడ వాన చలికాలం సరుకు అని చెప్తే నమ్మలేదు. "మృగశిర వచ్చె. చినుకు లేదంటే ఎట్లరా?" అని నన్నే నిలదీసేవాడు, వానను నేనేదో పట్టి ఆపినట్టు.

రాత్రిపూట తమ్ముడికి ఫోను. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "పదునైందా?" విత్తనం వేయడానికి సరిపడా నేల తడిసిందా అని. మూడు వారాలుగా తమ్ముడి జవాబూ ఒకటే. "యాడ? మబ్బు పట్టేది, గాలి కొట్టేది."

ఆఫీసులో ఒకరోజు భోజనాల దగ్గర ఈ సంగతి చెప్తే నా పక్క సీటతను నవ్వి, "మీ నాన్నకు వాన కావాలంటే టోంగా రూమ్‌కు తీసుకెళ్ళు, అరగంటకోసారి పడుతుంది" అన్నాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో, నాబ్ హిల్ మీద ఫెయిర్‌మాంట్ హోటల్ అడుగున ఉన్న టికీ బార్ అది, అంటే పసిఫిక్ దీవుల వేషం కట్టిన మందు బారు. 1945 నుంచి నడుస్తోంది. నేను బే ఏరియాలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నా ఆ మెట్లు దిగలేదు. దగ్గర్లో ఉన్నవాటిని చూడటానికి ఊరి నుంచి ఎవరో ఒకరు రావాలి కదా.

ఇంట్లో చెప్తే అమ్మ ఒక్కటే అడిగింది. "డెబ్భై రెండేళ్ళ మనిషిని సారాయి అంగడికి తీస్కపోతావా?" నాయన మాత్రం వేరేది అడిగాడు. "పైపులోంచి పడేదాన్ని వాన అంటారంట్రా?" అంటూనే స్వెటర్ తీసి పక్కన పెట్టుకున్నాడు.

మొదటిసారి వెళ్ళడం నా తెలివితక్కువతనంతో దండగయింది. మంగళవారం సెలవు పెట్టాను, రైలెక్కాను, అంతా బాగానే ఉంది. బారు వారంలో అన్ని రోజులూ తెరవరన్న సంగతి మాత్రం చూసుకోలేదు. బార్ట్ రైల్లో ఎంబార్కడెరో స్టేషన్ దాకా వెళ్ళి, అక్కడ కాలిఫోర్నియా స్ట్రీట్ కేబుల్ కారు ఎక్కాం. పావెల్ వైపు లైన్లలో టూరిస్టుల క్యూ పెద్దది, ఈ లైన్లో తక్కువ. బండికి ఇంజను లేదని, రోడ్డు కింద గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఇనుపతాడు తిరుగుతూనే ఉంటుందని, నడిపేవాడు పట్టకారుతో దాన్ని పట్టుకోవడం, వదలడం మాత్రమే చేస్తాడని చెప్పాను. నాయన దారంతా ఆ మనిషి చేతులే చూశాడు. "కపిల తోలినట్టుండాది" అన్నాడు. ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిలే, ఎద్దులు లేవంతే.

హోటల్ ముందు దిగాక బారు మూసి ఉందని తెలిసింది. నేను మొహం వేలాడేసుకుంటే నాయన మాత్రం గోడ మీది ఫలకం దగ్గర ఆగిపోయాడు. పాఠం చెప్పిన మనిషి కదా, రాతి మీద అక్షరాలు కనబడితే చదవకుండా కదలడు. 1945లో ఐక్యరాజ్యసమితి చార్టర్‌ను తయారు చేసిన చోట్లలో ఈ హోటల్ ఒకటి. ఏప్రిల్ 25న మొదలైన సమావేశం జూన్ 26న సంతకాలతో ముగిసింది. సంతకాలు జరిగింది ఇక్కడ కాదు, ఊళ్ళోనే ఇంకో భవనంలో. కానీ అమెరికా ప్రతినిధి బృందం దిగిందీ, రాత్రుళ్ళు తగువులు పడిందీ ఈ హోటల్‌లోనే.

"మన రామస్వామి మొదలియారు ఈడికొచ్చినాడు రా" అన్నాడు నాయన.

నాకు వెంటనే వెలగలేదు. ఆర్కాట్ రామస్వామి మొదలియార్. 1887లో కర్నూల్లో పుట్టాడు. ఆయనా, లక్ష్మణస్వామీ కవలలు. కర్నూలు బళ్ళో చదివి, మద్రాసు వెళ్ళి లాయరై, శాన్ ఫ్రాన్సిస్కోలో ఇండియా తరఫున చార్టర్ మీద సంతకం పెట్టాడు. తర్వాతి ఏడాది ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలికి మొదటి అధ్యక్షుడయ్యాడు. "అప్పటికి మనకు స్వాతంత్ర్యం రాలే. తెల్లోళ్ళు పంపిన బృందం అది. విజయలక్ష్మి పండిట్ ఇదే ఊరికొచ్చి, వీళ్ళు మా దేశానికి ప్రతినిధులు కారని గొంతు చించుకొని చెప్పింది. ఇద్దరూ నిజమే చెప్పినట్టు" అన్నాడు నాయన. ముప్పై ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పిన మనిషికి అది బోర్డు మీద రాసుకున్నంత స్పష్టం. కర్నూలు వాడు నడిచిన చోట నిలబడ్డాం కాబట్టి ప్రయాణం దండగ కాలేదని ఆయనే తేల్చేశాడు. నా తప్పు అట్లా మాఫీ అయింది.

రెండోసారి బుద్ధిగా ఆన్‌లైన్‌లో టేబుల్ బుక్ చేసుకుని శుక్రవారం సాయంత్రానికి వెళ్ళాం. "నీళ్ళకు దగ్గరగా" అని కోరికల డబ్బాలో రాశాను. ఎవరైనా వెళ్తే ఆ ఒక్క ముక్క మర్చిపోకండి. దూరం టేబుల్ ఇస్తే వాన చప్పుడే వినబడుతుంది, వాన కనబడదు. ఇంకో మాట. ఇరవై ఒకటి దాటిందని రుజువుగా గుర్తింపుకార్డు అడగొచ్చు, తలంతా నెరిసిన మనిషినైనా సరే. నాయన పాస్‌పోర్ట్‌ను ప్లాస్టిక్ కవర్లో, కవర్ను గుడ్డసంచిలో, సంచిని స్వెటర్ లోపల పెట్టుకొచ్చాడు. తలుపు దగ్గర ఆ పొరలన్నీ విప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. తలుపు దగ్గరి అమ్మాయి పుట్టిన సంవత్సరం చూసి, చాలా గంభీరంగా, "సరిపోయింది సార్" అంది.

ఇంకా చెప్పాల్సింది మంకీ క్యాప్ గురించి. జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కో గాలి మన డిసెంబరు గాలి కంటే కొంటెది. నాయన మంకీ క్యాప్, మఫ్లర్, స్వెటర్‌తో దిగాడు. లోపల అందరూ పూలచొక్కాలు, పూలదండలు. కొబ్బరిచెట్ల దేశం తెచ్చిపెట్టిన గదిలో, నిజంగా ఉక్కపోత ఊరి నుంచి వచ్చినవాడు ఒక్కడే మంకీ క్యాప్‌లో ఉన్నాడు.

లోపలికి అడుగు పెట్టాక కళ్ళు చీకటికి అలవాటు పడాలి. మధ్యలో పెద్ద నీటిగుంట. చుట్టూ తాటాకు కప్పు లాంటి పందిళ్ళు, వాటి కింద బల్లలు. వెదుళ్ళు, మోకులు, ఓడ కొయ్యలు, చెక్కిన బొమ్మలు, ఎర్రటి మసక దీపాలు. ఆ నీటిగుంట ఒకప్పుడు హోటల్ వాళ్ళ ఈతకొలను. 1929లో కట్టారు, పొడవు 75 అడుగులు. 1945లో ఎంజీఎం సినిమా స్టూడియోలో సెట్లు వేసే మెల్ మెల్విన్ అనే ఆయన్ని పిలిపించి, ఆ కొలనును మడుగుగా మార్పించి, చుట్టూ ఈ బారు కట్టించారు. అంటే మనం కూర్చునేది ఒక రకంగా సినిమా సెట్టులోనే. అది తెలిశాక నాకు గది ఇంకా నచ్చింది. సెట్టు తనను తాను నిజమని చెప్పుకోదు.

నాయన కొలను పొడవును కళ్ళతోనే కొలిచాడు. చిన్నప్పుడు కేసీ కెనాల్‌లో ఈత నేర్చుకున్నవాడు. "ఇంత చల్లటి ఊర్లో ఈత ఎవరు కొడతార్లే, అందుకే బారు చేసినారు" అని తీర్పు చెప్పాడు.

డ్యాన్స్ ఫ్లోర్ చెక్కలకూ ఒక కథ ఉంది. ఫారెస్టర్ అనే పాత కలప ఓడ శాన్ ఫ్రాన్సిస్కో నుంచి దక్షిణ సముద్ర దీవులకు తిరుగుతుండేది. దాని చెక్కలతో ఆ నేల వేశారు. అంత బొమ్మరిల్లులో పసిఫిక్‌ను నిజంగా దాటి వచ్చింది ఆ చెక్కలే. నాయన వెళ్ళి పాదంతో రెండుసార్లు తట్టి చూసి వచ్చాడు.

మెనూ చేతికిచ్చాక అసలు తంటా. నాయన మందు ముట్టడు. మందు లేని పానీయాలూ ఉన్నాయి. అనాసరసం, కొబ్బరిపాలు, పైన అనాస ముక్క, కాగితం గొడుగు. నేను మై టై అనే రమ్ కాక్‌టెయిల్ చెప్పాను. ఇక్కడికొచ్చి మై టై తాగకపోవడం తిరుపతి వెళ్ళి లడ్డూ వదిలేసి రావడమే. ఎందుకంటే అది పుట్టింది ఈ బే అవతలి ఒడ్డున, ఓక్లాండ్‌లో.

కథ ఏమిటంటే, అమెరికాలో మద్యనిషేధం 1933లో పోయింది. ఆ రోజుల్లోనే దీవులన్నీ తిరిగొచ్చిన డాన్ బీచ్ హాలీవుడ్‌లో వెదురుబొంగులతో, రమ్ పానీయాలతో ఒక చిన్న బారు పెట్టాడు. టికీ బార్లకు ఆదిపురుషుడు అతనే. 1934లో విక్టర్ బెర్జెరాన్ ఓక్లాండ్‌లో ఒక చిన్న హోటల్ తెరిచి, కొన్నేళ్ళకు దాన్ని ట్రేడర్ విక్స్‌గా మార్చాడు. చిన్నప్పుడే క్షయ వల్ల ఒక కాలు పోయినవాడు. 1944లో అతను పదిహేడేళ్ళు నిలవ ఉంచిన జమైకా రమ్, నిమ్మరసం, నారింజ మద్యం, పటికబెల్లం పాకం, బాదం పాకం కలిపి తాహితి నుంచి వచ్చిన స్నేహితులకు ఇచ్చాడు. వాళ్ళు తాహితి భాషలో "మైతై" అన్నారు. భేషుగ్గా ఉందని అర్థం. మై టై నేనే కనిపెట్టానని డాన్ బీచ్ కూడా అన్నాడు. ఆ తగువులోకి మనం వద్దు.

చాలామంది మై టై అంటే ఎర్రటి పళ్ళరసం అనుకుంటారు. అసలు లెక్కలో అనాస లేదు, చెర్రీ రసం లేదు. అందులో ప్రాణం నిమ్మకాయ, బాదం. మొదటి గుక్కలో నాకు బాదం షర్బత్ వాసన వచ్చింది, ఆ వెనకే రమ్ వచ్చి తల మీద మొట్టింది. కాకపోతే నా గ్లాసులో తీపి ఒక పాలు ఎక్కువే అనిపించింది. ఐస్ కరిగేకొద్దీ బాగుపడింది.

మేం వెళ్ళినప్పుడు ఒక్కో గ్లాసు 20 డాలర్ల చుట్టుపక్కల ఉంది. నాయన మనసులో గుణించి, "1,700 రూపాయల కొబ్బరినీళ్ళు" అని, గ్లాసును రెండు చేతులా పట్టుకున్నాడు.

పక్క స్తంభం మీద పళ్ళు బిగించిన ఒక చెక్కబొమ్మ ఉంది. "ఇది దేవుడా?" అని అడిగాడు. టికీ అంటే పాలినేషియా దీవుల్లో చెక్కే మనిషి ఆకారం, మావోరీల కథల్లో టికీ అంటే మొట్టమొదటి మనిషి అని చెప్పాను. ఇక్కడి బార్లు ఆ ముఖాలన్నిటినీ కలిపి తమ గుర్తు చేసుకున్నాయి. ముఖం ఆకారంలో మట్టి ముంతలు పోసి, వాటిల్లో మందు ఇస్తారు, కొనుక్కుని ఇంటికీ పట్టుకుపోవచ్చు. టోంగా అనేది నిజంగా ఒక దేశం, రాజు ఉన్న దేశం. అక్కడి నుంచి వచ్చిన కుటుంబాలు ఈ ఊరికి దక్షిణంగా శాన్ మేటియో కౌంటీలో చాలానే ఉన్నాయి. ఈ గదిలో వాళ్ళ పేరు తప్ప వాళ్ళది నాకేమీ కనబడలేదు.

నాయన కాసేపు ఆలోచించాడు. "మన పోతురాజుకూ సాక పోస్తాం. అది తప్పు కాదు. కానీ ఆయన ముందు పోస్తాం రా. ఆయన్నే ముంత చేసుకొని తాగం." పాలినేషియన్లు కొందరు టికీ బార్ల గురించి చెప్పే అభ్యంతరం చాలాచోట్ల చదివాను. ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు. ముంత కొందామనుకుని వచ్చాను. కొనలేదు.

అప్పుడు ఉరిమింది.

ముందు దీపాలు తగ్గాయి. ఒక మెరుపు, మళ్ళీ ఉరుము, స్పీకర్లలోంచే అనుకోండి. గుంట అంచు పొడవునా పైనుంచి నీటిధారలు మొదలయ్యాయి. నీళ్ళ మీద నీళ్ళు పడే చప్పుడు మాత్రం స్పీకర్లలోది కాదు. దానికి నకలు ఉండదు. ఒక చల్లటి తేమ వచ్చి మొహానికి తగిలింది. చుట్టూ జనం హోరుమన్నారు, ఫోన్లు పైకి లేచాయి.

నాయన మంకీ క్యాప్ తీసేశాడు. చెవులు బయటపడ్డాయి. ఏమీ అనలేదు. చెయ్యి చాపాడు, అందలేదు. కుర్చీ జరుపుకుని, ఇంకా ముందుకు వంగి చాపితే రెండు మూడు తుంపరలు అరచేతిలో పడ్డాయి. ఆ చెయ్యి అట్లాగే మూసి, కాసేపటికి మొహం తుడుచుకున్నాడు.

కొన్ని నిమిషాలకు వాన ఆగింది. "ఇంతేనా?"

"అరగంటలో మళ్ళీ వస్తుంది నాయనా."

"టైముకొచ్చేది వాన ఎట్లయితాది రా?" అన్నాడు. కానీ గడియారం చూసుకున్నాడు. నేను చూశాను.

మా వైపు తొలకరి పడగానే ఇంకో తిరునాళ్ళ మొదలవుతుంది. జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లో వజ్రాల వేట. వాన నేలను కడిగితే రాళ్ళు బయటపడతాయని ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, చెట్ల కింద వంటలు చేసుకుని, రోజుల తరబడి తలలు వంచి నడుస్తారు. అప్పుడప్పుడూ ఎవరికో ఒకరికి దొరుకుతుంది, ఆ వార్తతో మళ్ళీ వందమంది వస్తారు. నాయన చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి వెతికినవాడే. అది గుర్తొచ్చిందేమో, బల్ల కిందికి వంగి చూశాడు. "ఏం పోయింది?" అన్నాను కంగారుగా. "వాన పడింది కదా. వజ్రమేమన్నా తేలిందేమో అని" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను.

కాసేపటికి గుంట మధ్యలోకి ఒక పందిరి కదిలింది. పందిరి కింద బ్యాండు. పాటగాళ్ళతో సహా తెప్ప నీళ్ళ మీద తేలుతూ వచ్చింది. "తెప్పోత్సవం రా ఇది!" అన్నాడు నాయన, ఇంక ఆపుకోలేక. వాళ్ళు పాత హిట్ పాటలు పాడారు, పాటలు మామూలుగానే ఉన్నాయి, ఫారెస్టర్ చెక్కల మీద జనం ఊగారు. తిండి గురించి పెద్దగా చెప్పను. ఇక్కడికి తిండి కోసం ఎవరూ రారు. మాంసం లేనివి రెండు మూడు దొరికాయి, నాయన సగం తిని మిగతాది నా వైపు జరిపాడు.

ఈ చోటు మూతపడే దాకా వచ్చింది ఒకసారి. 2009లో హోటల్ టవర్‌ను అపార్ట్‌మెంట్లుగా మార్చే ప్రణాళిక వేసినప్పుడు ఈ బారుకు కాలం చెల్లినట్టే అనుకున్నారు. ఊరి జనం, పాత కట్టడాల మీద ప్రేమ ఉన్నవాళ్ళు గట్టిగా అడ్డం తిరిగారు. ప్రణాళిక ముందుకు సాగలేదు, బారు నిలిచింది. ఆ సంగతి చెప్తే నాయన, "చెరువు పూడ్చకుండా ఆపినారు, మంచి పని" అన్నాడు.

మూడు వానలు చూశాం. మూడోదానికి నాయన ముందే మంకీ క్యాప్ తీసి, కుర్చీ జరుపుకుని సిద్ధంగా ఉన్నాడు. బిల్లు మీద టిప్పు కలిపి చూపించలేదు. కొన్ని విషయాలు పెద్దవాళ్ళకు తెలియకపోవడమే మంచిది.

బయటికొస్తే మంచు. సముద్రం మీద నుంచి పొగమంచు కొండెక్కి, చెట్ల ఆకుల నుంచి బొట్లు బొట్లుగా కారుతోంది. నాయన తల ఎత్తి చూసి, "ఇది కూడా ఈ హోటలోళ్ళదేనా?" అని అడిగాడు.

కేబుల్ కారు కోసం చలిలో నిలబడలేక స్టేషన్ దాకా క్యాబ్ పిలిచాను. నడిపే ఆయనకు అరవై ఉంటాయి. నాయన కర్నూలు హిందీలో "ఏ ఊరు?" అని మొదలుపెట్టాడు. ఆయన ఫిజీలో పుట్టాడట. హిందీయే, కానీ ఇంకో రకం హిందీ. బే ఏరియాలో ఫిజీ వాళ్ళు చాలామంది ఉన్నారు, నాకు తెలుసు. మా ఊరి పక్కవాళ్ళని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఆయన ముత్తాత పాత కాగితం మీద జిల్లా పేరు విశాఖపట్నం అని ఉంటుందట. 1903 నుంచి మద్రాసు ఓడలు కూడా ఫిజీకి కూలీలను తీసుకెళ్ళాయి, అందులో తెలుగువాళ్ళు బోలెడుమంది. అయిదేళ్ళ ఒప్పందం. అగ్రిమెంట్ అనే మాట నోరు తిరగక గిర్మిట్ అయింది. చేసిన పని చెరుకు నరకడం. పసిఫిక్ దీవి అంటే నేను ఇప్పటిదాకా కూర్చున్న గదిలో తాటాకు కప్పు, పూలదండ, చెరుకు నుంచి తీసిన రమ్. ఆయన ముత్తాతకు అదే దీవిలో అదే చెరుకు, చేతిలో కత్తి. నేను తాగిన మై టై గొంతులో కాస్త అడ్డం పడింది.

"తెలుగు ఏమన్నా వస్తుందా?" అని అడిగాను. రాదన్నాడు. కాస్త ఆగి, వాళ్ళ నాయనమ్మ ఫిజీలో వాన మొదలవగానే అనే మాట ఒకటి గుర్తుందని, అర్థం మాత్రం సరిగ్గా తెలియదని చెప్పి, పలికాడు.

"బట్టలు తియ్యండి."

ఆరేసిన బట్టలు. నాయన వెనక సీట్లోంచి ముందుకు వంగి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, హిందీలో అర్థం విడమర్చి చెప్పాడు. ఆయన రెండుసార్లు ఆ మాట మళ్ళీ అనుకున్నాడు. దిగేటప్పుడు నాయనకు నమస్కారం పెట్టాడు.

ప్లాట్‌ఫారం మీద రైలు కోసం కూర్చున్నాం. మన ఊళ్ళో అప్పటికి పొద్దు బాగా ఎక్కి ఉంటుంది. నాయన తమ్ముడికి ఫోను కలిపి, మామూలు ప్రశ్నే అడిగాడు. పదునైందా?

తమ్ముడి గొంతు నాకూ వినబడింది. "రాత్రి నాలుగు చినుకులు రాలినాయి నాయనా, దుమ్ము కూడా అణగలే. మీకాడ?"

నాయన నా వైపు చూశాడు.

"ఈడనా? అరగంటకోసారి పడ్తాంది" అన్నాడు.